తీగ లేని డ్రిల్లు - తెలిసి వాడితే మేలు

దేవుడి పటం తగిలించాలన్నా, వంటింట్లో గరిటెల స్టాండు బిగించాలన్నా ఒకప్పుడు వడ్రంగికి కబురు పెట్టి, ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూడటమే గతి. ఇప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న డ్రిల్లు మిషన్లు మిక్సీల్లాగే చాలా ఇళ్లలోకి వచ్చేశాయి. అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1961లోనే ఇలాంటి డ్రిల్లు తయారుచేసింది. 1971లో అపోలో-15 వ్యోమగాములు చంద్రుడి నేలను తొలిచింది కూడా బ్యాటరీ డ్రిల్లుతోనే. చంద్రమండలం మీద పనిచేసినది మన వంటింటి గోడ మీద పనిచేయదా? నిక్షేపంలా చేస్తుంది. కాకపోతే కత్తిపీటకు ఉన్నట్టే దీనికీ ఓ పద్ధతి ఉంది. అది తెలుసుకుంటే ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

గోడ లోపల ఏముంది?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మన ఇళ్లలో కరెంటు తీగలు గోడ లోపలే ఉంటాయి కదా! అవి సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి నిలువుగా పైకో కిందికో, లేదా తిన్నగా పక్కకో వెళతాయి. అందుకని బోర్డుకు సరిగ్గా పైనా, కిందా, అదే ఎత్తులో పక్కనా చిల్లు పెట్టకండి. కనీసం జానెడు దూరం తప్పుకోండి. ట్యూబులైటు దగ్గరా, కాలింగ్ బెల్లు దగ్గరా ఇదే నియమం. స్నానాల గదిలోనూ, సింకు వెనకా కుళాయికి సూటిగా పైనా కిందా నీళ్ల పైపు ఉంటుందని గుర్తుంచుకోండి.

తీగ లేని డ్రిల్లులో ఉన్న పెద్ద సుఖం ఏమిటో తెలుసా? దానికి కరెంటు అక్కర్లేదు. కాబట్టి పగటిపూట వెలుతురులో పని పెట్టుకుని మెయిన్ స్విచ్ ఆపేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అది కూడా ఆపాలి. లేకపోతే మెయిన్ ఆపినా తీగల్లో కరెంటు ఉండనే ఉంటుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. ఒకవేళ బిట్టు తీగకు తగిలిందనిపిస్తే మెయిన్ మళ్లీ వేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కొంగు దోపండి, జడ ముడవండి

మాకు తెలిసిన ఒకావిడ అలమరకు గొళ్లెం బిగిస్తూ ఉండగా పమిట కొంగు బిట్టుకు చుట్టుకుంది. మీట మీద వేలు వెంటనే తీసేశారు కాబట్టి చీర చిరగడంతో సరిపోయింది. అదే జడ అయి ఉంటే? తలచుకుంటేనే భయం వేస్తుంది. కొంగు నడుముకు గట్టిగా దోపుకోండి. చున్నీ తీసి పక్కన పెట్టండి. జడ ముడి చుట్టుకోండి. మెడలో గొలుసు జాకెట్టు లోపలికి వేసుకోండి. చేతికి గ్లోవ్స్ వేసుకుంటే మంచిదేమో అనుకుంటారు కానీ, తిరిగే బిట్టుకు అవి కూడా చుట్టుకుంటాయి. వద్దు.

కంటికి అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. సిమెంటు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చిల్లు పెట్టే చోటుకు కాస్త కింద పాత శుభలేఖ కవరు నోరు తెరిచి టేపుతో అంటించండి. పొడి అంతా అందులోనే పడుతుంది, తుడుచుకునే బాధ తప్పుతుంది. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కకండి. కదలని స్టూలు కావాలి, కింద ఒకరు పట్టుకుంటే మరీ మంచిది.

ఏ పనికి ఏ బిట్టు?

బిట్టు మార్చేముందు బ్యాటరీ ఊడదీయండి. అది కుదరకపోతే ముందుకూ వెనక్కూ తిప్పే మీటను మధ్యలో ఉంచితే మిషన్ తిరగదు. బిట్టును చక్ మధ్యలో నిటారుగా పెట్టి గట్టిగా బిగించండి.

ఇటుక గోడకైతే గోడ బిట్టు పెట్టి, సుత్తి బొమ్మ ఉన్న గుర్తు దగ్గరకు తిప్పండి. మామూలు పటాలకు 6 మిల్లీమీటర్ల బిట్టు, అదే సైజు ప్లాస్టిక్ గిట్టీ చాలు. కాస్త బరువున్న వాటికి 8 మిల్లీమీటర్లది. గిట్టీని బిట్టు పక్కన పెట్టి, దానికన్నా అర సెంటీమీటరు ఎక్కువ దగ్గర టేపు చుట్టుకుంటే ఎంత లోతు వెళ్లాలో తెలుస్తుంది. చిల్లులో పొడి దులిపాకే గిట్టీ దించండి, లేకపోతే వదులవుతుంది. కాంక్రీటు స్తంభాలు, బీముల జోలికి వెళ్లకండి. గీజరు, ఉయ్యాల కొక్కెం లాంటివి పనివారికే వదిలేయండి. అవి ఊడితే మనుషుల మీద పడతాయి.

టైల్సుకు బల్లెం మొనలాంటి ప్రత్యేకమైన బిట్టు దొరుకుతుంది. చిల్లు పెట్టే చోట టేపు అంటిస్తే బిట్టు జారదు. సుత్తి గుర్తు పొరపాటున కూడా వద్దు, టైలు పగులుతుంది. టైలు అంచుకు దగ్గరగా పెట్టినా అంతే. నెమ్మదిగా తిప్పండి.

చెక్కకు స్క్రూ బిగించేముందు స్క్రూ కన్నా సన్నటి బిట్టుతో చిన్న చిల్లు పెడితే చెక్క చీలదు. చక్ వెనక అంకెలున్న రింగు ఉంటుంది చూడండి. అంకె పెరిగేకొద్దీ బిగింపు బలం పెరుగుతుంది. చిన్న అంకెతో మొదలుపెట్టి, చాలకపోతే పెంచుకోండి.

బిట్టు ఎక్కడైనా ఇరుక్కుంటే మిషన్ ఒక్కసారిగా మెలి తిరిగి మణికట్టు పట్టేస్తుంది. అందుకే రెండు చేతులతో పట్టుకోండి. ఇరుక్కోగానే మీట వదిలేసి, వెనక్కి తిప్పి బయటకు తీయండి. బిట్టు చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది.

బ్యాటరీ బాగోగులు

పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలను పూర్తిగా ఖాళీ అయ్యాకే చార్జింగ్ పెట్టమనేవారు. ఇప్పుడొచ్చే లిథియం బ్యాటరీలకు ఆ నియమం లేదు. మిషన్ నీరసించగానే ఆపి చార్జింగ్ పెట్టండి. పని చేసి వేడెక్కిన బ్యాటరీని మాత్రం కాసేపు చల్లారనివ్వాలి. రోహిణీ కార్తె ఎండల్లో మేడ మీది గదిలోనో, ఆపి ఉంచిన కారులోనో, పొయ్యి పక్కనో బ్యాటరీ ఉంచకండి. 40 డిగ్రీలు దాటిన చోట చార్జింగ్ మంచిది కాదు. దాని చార్జరే వాడండి. పరుపు మీద పెట్టి రాత్రంతా వదిలేయడం అస్సలు వద్దు.

విడి బ్యాటరీని మేకులు, తాళంచెవులున్న సొరుగులో పడేస్తే రెండు కొసలూ కలిసి నిప్పు పుట్టవచ్చు. చాలా రోజులు వాడకపోతే సగం చార్జింగ్‌తో దాచండి. ఉబ్బినా, పగిలినా, కింద నీళ్లలో పడినా ఇక వాడకండి. చెత్తబుట్టలో వేయకుండా పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.

పని అయ్యాక

బ్యాటరీ తీసేసి, మిషన్‌ను పొడి గుడ్డతో తుడవండి. గాలి వెళ్లే సందుల్లో దుమ్మును పాత టూత్ బ్రష్‌తో దులపండి. తడి గుడ్డ, కిరోసిన్, పెట్రోలు వాడవద్దు. చెక్క, ఇనుము బిట్లకు కుట్టు మిషన్ నూనె ఒక చుక్క రాసి గుడ్డతో తుడిస్తే తుప్పు పట్టదు. పొగ వస్తోందంటే బిట్టు మొద్దుబారిందన్నమాట. బలం ఉపయోగించి నొక్కే కన్నా కొత్తది కొనడం చవక. మిషన్ ఒకచోట, బ్యాటరీ మరోచోట, రెండూ పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

ముందుగా పనికిరాని చెక్క ముక్క మీద నాలుగైదు చిల్లులు పెట్టి చేయి అలవాటు చేసుకోండి. తరువాత గోడ సంగతి చూడవచ్చు. దోసె తిరగేసినట్టే, రెండోసారికి అదే వస్తుంది!