ఆరోగ్యవరం దగ్గర ఒక గంట

మన బెంగుళూరు తెలుగు కుటుంబాలకు ఒక అలవాటు ఉన్నది. పెండ్లికో పేరంటానికో కడపవైపు ప్రయాణమైతే తెల్లవారకముందే కారెక్కి, ఎక్కడా ఆగకుండా పోయి, తిన్నగా పందిట్లో దిగుతాము. దారిలోని ఊళ్లు మనకు ఊళ్లు కావు, మైలురాళ్లు. మొన్న కార్తీకంలో మేమూ అట్లాగే బయలుదేరినాము. హొసకోట, చింతామణి దాటి, సుమారు 120 కిలోమీటర్లు వచ్చి, టమోటా లారీల వెనుక నత్తనడకన మదనపల్లె చేరినాము.

ఆ ఊరిని గురించి పిల్లలకు చెప్పే సంగతులు మా దగ్గర సిద్ధంగానే ఉంటవి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టినది ఇక్కడే. 1919లో రవీంద్రుడు ఇక్కడి బిసెంటు కళాశాలకు వచ్చి, 'జనగణమన'ను ఇంగ్లీషు చేసినదీ ఇక్కడే. కారు నడుపుతున్న మా అమ్మాయి ఊఁ కొడుతున్నది. ఇంతలో, కునుకు తీస్తున్నదనుకొన్న మా మేనత్త, "ఆరోగ్యవరం ఎంత దూరం, నాయనా?" అన్నది.

దగ్గరే. క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో క్షయరోగులకోసం నెలకొల్పిన శానిటోరియం అది. ఇప్పుడు అన్ని జబ్బులకూ వైద్యం జరిగే ఆస్పత్రి. శుభమా అని పెండ్లికి పోతూ ఆస్పత్రి ఎందుకని మేము నసిగినాము.

"మీ పెదనాన్న అక్కడ పదునాలుగు నెలలు ఉన్నాడు" అన్నది అత్త.

మాకు తెలిసినంతవరకు 1947లో మా పెదనాన్న బొంబాయిలో ఉద్యోగం చేసినారు. గేటు బయట చెట్టునీడన కారు ఆపిన తర్వాత గాని ఆ బొంబాయి ఏదో మాకు తెలియలేదు. ఇంట్లో క్షయ ఉన్నదని పొక్కితే ఆడపిల్లల పెండ్లిండ్లు ఆగిపోతవని తాతగారు అల్లిన మాట అది. స్ట్రెప్టోమైసిన్‌ను అమెరికాలో 1943లో కనుగొన్నారు గాని, అప్పటికి మా ఇంటివంటి ఇండ్లకు అందలేదు. పెదనాన్నకు దక్కిన మందల్లా మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. అయినా నయమై ఇంటికి వచ్చినారు.

వచ్చినా ఆయన కంచం, పేరు కొట్టించిన ఇత్తడి గ్లాసు చివరిదాకా వేరే గూటిలోనే ఉండేవి. పెదనాన్నకు మడి పట్టింపు ఎక్కువని మేము అనుకొనేవాళ్లము.

"కంచాలవల్ల అంటదు గదా, అవ్వా? నయమైనవాళ్లనుంచి అసలే రాదు" అన్నది అమ్మాయి.

"ఇప్పుడు తెలిసి ఏం లాభమే? నా పిల్లలను ఒక్కనాడూ వాడి ఒళ్లో కూర్చోనివ్వలేదు నేను. అన్న అడగనూ లేదు" అన్నది అత్త. ఈ దారిన ఎన్నోసార్లు పోయిందట. ఎవరినీ ఆపమనలేకపోయిందట.

అమ్మాయి అన్నది నిజమే. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు గాలిద్వారా సోకుతుంది గాని, పళ్లెంవల్ల, గ్లాసువల్ల కాదు. మామూలు క్షయకు ఆరు నెలలు విడవకుండా మందు వాడితే చాలు. ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో ఈ మదనపల్లె ఒకటి. జాతీయ క్షయరోగ సంస్థ 1959 నుంచి మన బెంగుళూరులోనే ఉన్నది. బళ్లారి రోడ్డున దాని ముందునుంచి మనమంతా రోజూ పోతూనే ఉన్నాము. అయినా సంబంధాలు చూసేటప్పుడు ఈ జబ్బు పేరెత్తని ఇండ్లు ఇప్పటికీ మనలో ఉన్నవి.

కడపలో మాకు ముహూర్తం అందింది, టిఫిను అందలేదు. అత్త మాత్రం దారిపొడుగునా అన్నగారి ముచ్చట్లు చెబుతూనే ఉన్నది.

చదువరులారా, మీరు పోయే దారిలోనూ ఇటువంటి ఊరు ఒకటి ఉండవచ్చును. పెద్దవాళ్లు వెనుక సీటులో ఉండగానే అక్కడ ఒక గంట ఆగండి.

ఊరినుంచి వచ్చి, అటకమీది ఇత్తడి సామానులో వెదికి ఆ గ్లాసు దింపించినాము. చింతపండుతో తోమితే పేరు బాగానే కనబడుతున్నది. ఇప్పుడు ఎవరి చేతికి అందితే వారు దానితో మంచినీళ్లు తాగుతున్నారు.