వంగలేని నడుముకు శాతమెంత?

2025 ఆగస్టులో రాష్ట్రమంతటా వికలాంగ పింఛనుదార్లకు నోటీసులు పంచారు. తిరిగి పరీక్షిస్తే వైకల్యం నూటికి నలభై లేదట, నెలకు 6,000 రూపాయల పింఛను రద్దట! వికలాంగులు రోడ్డెక్కాక గాని, అప్పీలు పెట్టుకున్నవారికి ఆపబోమని ప్రభుత్వం చెప్పలేదు.

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఈ నలభై లెక్క మరీ అన్యాయం. మన బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. మన పక్కనున్న పొదిలి, దర్శి ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, డాక్టర్లు ఈ జబ్బు సంగతి రాసిపెట్టారు. ఫ్లోరోసిస్ వస్తే కాలు తెగిపోదు, చెయ్యి ఊడిపోదు. నడుము కొయ్యబారుతుంది, మెడ తిరగదు. ఆ కూలి మనిషి డాక్టరు ముందు నాలుగడుగులు నడవగలదు గాని పత్తి చేలో కలుపుకు వంగలేదు. వంగలేకపోతే కూలెవరిస్తారు? శాతం వేసే కాగితంలో కీళ్ళకు గడి ఉంది, కూలికి లేదు. 'దివ్యాంగులు' అని పేరు మారిస్తే పొయ్యి మీద ఎసరు మరగదు గదా!

నోటీసు వచ్చిందని కుమిలిపోవద్దు, గడువు దాటనివ్వొద్దు. 2016 చట్టం 59వ సెక్షన్ అప్పీలు హక్కు ఇచ్చింది. సర్టిఫికెట్ ఇవ్వమంటే కారణం రాసివ్వాలని 2017 నిబంధనల్లో ఉంది. నోటిమాటకు ఒప్పుకోవద్దు. 2025లో అప్పీళ్ళు ఎం.పి.డి.ఓ. ఆఫీసుల్లో తీసుకున్నారు. ఎక్కడిచ్చినా రసీదు అడగండి, పాత సర్టిఫికెట్ జత చేయండి. ఎక్స్‌రే కూడా పెట్టండి. ముదిరిన ఫ్లోరోసిస్ ఎముకల్లో కనబడుతుంది.

పరీక్షకు పోయిన రోజు రోగి కూలీ, తోడుపోయినవాళ్ళ కూలీ రెండూ పోతాయి. అందుకే మేము అడుగుతున్నాం: ఫ్లోరైడు ఊళ్ళకు ఎముకల డాక్టరును, ఎక్స్‌రేను ప్రభుత్వమే పంపాలి. అప్పీలు తేలేదాకా ఒక్క నెల పింఛను కూడా ఆపకూడదు.