ముందు వెనక పలక సంగతి చూడండి

వేట నిషేధం వచ్చిందంటే మా పుట్టింటి వైపు మగవాళ్ళకి చేతినిండా ఖాళీ, ఆడవాళ్ళకి నెత్తినిండా అప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో ఇంజను ఉన్న బోటేదీ సంద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిబంధన మంచిదే. ప్రభుత్వం ఇచ్చే భృతి కూడా 2025లో 10,000 నుంచి 20,000 అయింది. నా పేచీ నిషేధంతో కాదు. ఈ రెండు నెలల్లో ఇళ్ళల్లో జరిగే ఒక చర్చతో. "ఈసారి ఏ ఇంజను వేద్దాం?" అనే చర్చతో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత ఫైబర్ బోటు ఉన్న ఇంట్లో మొదట అడగాల్సింది అది కాదు. ఇంజనుని ఏ పలకకి తగిలిస్తారో ఆ పలక గట్టిగా ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఎలా బిగిస్తారన్నది రెండోది. ఎన్ని హార్స్ పవర్, ఏ కంపెనీ అనేవి ఆ తర్వాత. ఇంకో మాట కూడా ఉంది. ఎవరి మెడలో బంగారం బ్యాంకుకి వెళుతోందో ఆవిడ ఆ చర్చలో కూర్చోవాలి. టీ గ్లాసులు ఇచ్చి లోపలికి పోవడానికి కాదు, చివరిదాకా కూర్చోవడానికి.

బోరబండలో కూర్చుని బోట్ల గురించి ఈవిడకేం తెలుసు అనుకుంటారేమో. నిజమే, సైట్-3లో మా డాబా ఎక్కితే కనిపించే నీళ్ళు పక్కింటి ట్యాంకు పొంగినప్పుడు కారేవే. కానీ నేను పుట్టింది ఉప్పాడలో. ఉప్పాడ అనగానే మనలో చాలామందికి జాందానీ చీర గుర్తొస్తుంది. ఆ మగ్గాల చప్పుడు దాటి ఇంకాస్త ముందుకెళితే, సముద్రం ఏటేటా కోసుకుపోతున్న ఒడ్డు మీద మా వాడ. కాకినాడలో బి.ఏ. తెలుగు చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి ఇరవై మూడేళ్ళు. అన్నయ్య ఇప్పటికీ వేటకెళతాడు. రెండేళ్ళుగా మేనల్లుడు కూడా వెళుతున్నాడు, వాడికి పంతొమ్మిది.

అన్నయ్య బోటు 2005 నాటిది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తీరం వెంబడి ఫైబర్ బోట్లు ఎక్కువయ్యాయి. సాయంగా వచ్చినవి కొన్ని, అప్పు చేసి కొన్నవి కొన్ని. అంతకు ముందు మా నాన్నది చెక్క తెప్ప. దుంగల్ని తాళ్ళతో కట్టి, వేట నుంచి రాగానే విప్పి ఇసుకలో ఆరబెట్టేవాళ్ళు. రోజూ విప్పి కడతారు కాబట్టి ఏ దుంగ పుచ్చిందో చేతికే తెలిసిపోయేది. పుచ్చినది పొయ్యిలోకి. ఫైబర్ అలా కాదు. అది పుచ్చదు, చెద పట్టదు, ఏటేటా రంగు వేస్తే కొత్తదానిలా ఉంటుంది. అందుకే దాని వంక ఎవరూ తేరిపార చూడరు. (పనికిరాకుండా పోయాక దాన్ని పొయ్యిలో పెట్టడానికీ ఉండదు. ఒడ్డున పడున్న పాత ఫైబర్ బోట్లని చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. అది ఇంకోసారి రాస్తాను.)

బోటు ముందు కొసని అణియం అంటారు, వెనక వైపుని అమరం. ఇంజను ఉండేది అమరంలో నిలువుగా ఉండే అడ్డ పలక మీద. మెకానిక్కులు ట్రాన్సమ్ అంటారు. చూడటానికి అదీ ఫైబరే. కానీ లోపల చాలా బోట్లలో ఉండేది ప్లైవుడ్. రెండు వైపులా ఫైబర్ తొడుగు, మధ్యలో చెక్క. మన వంటింట్లో సింకు కింద అలమర ఉంటుంది కదా, పైన సన్‌మైకా తళతళ మెరుస్తూనే ఉంటుంది, మేకు కన్నంలోంచి నీళ్ళు దిగి లోపల చెక్క ఉబ్బి, ఒకరోజు తలుపు చేతికి ఊడొస్తుంది. ట్రాన్సమ్‌కి జరిగేదీ అచ్చంగా అదే. బోల్టు కన్నాల్లోంచి నీళ్ళు దిగుతాయి. పైన రంగు బాగానే ఉంటుంది. తేడా ఏమిటంటే అలమర తలుపు ఊడితే కాలి మీద పడుతుంది, ఇది ఊడితే ఒడ్డు కనిపించని చోట ఊడుతుంది.

మొన్న ఫిబ్రవరిలో అన్నయ్యా వాళ్ళు వేట నుంచి తిరిగొస్తుంటే ఇంజను వెనక్కి వాలడం మొదలెట్టింది. పలక మూలల్లో సన్నని పగుళ్ళు అంతకు ముందే ఉన్నాయి, వాటి మీద రంగు వేసి ఊరుకున్నారు. మేనల్లుడు వల తాడు తీసి ఇంజనుకి చుట్టి, దాన్ని ఒళ్ళో పిల్లాడిలా పట్టుకుని కూర్చున్నాడట. మెల్లగా నడుపుకుంటూ చీకటి పడ్డాక ఒడ్డుకి చేరారు. మా వాడలో 1996 నవంబరు 6 తుపాను తలుచుకోని ఇల్లు లేదు. మగవాళ్ళు చీకటి పడ్డా రాకపోతే ఆడవాళ్ళు ఒడ్డున ఎలా నిలబడతారో నేను రాయక్కర్లేదు.

ఇంత జరిగాక కూడా ఏప్రిల్‌లో మొదలైన మాట ఏమిటి? "ఇంజను పాతదైపోయింది, పెద్దది వేద్దాం. కుదిరితే రెండు." వదిన మెడలో మిగిలింది ఒక్క రెండు పేటల గొలుసు. డ్వాక్రా అప్పు ఇంకా తీరనే లేదు.

అన్నయ్య వాదన కొట్టిపారేసేది కాదు. అందరికంటే ముందు ఒడ్డుకొచ్చిన బోటు చేపకి వేలంలో మంచి ధర పలుకుతుంది, గంట ఆలస్యమైతే అదే చేప ధర పడిపోతుంది. ఆ సంగతి గంప పట్టుకుని వేలంలో నిలబడే వదినకి ఇంకా బాగా తెలుసు. కానీ బోటుకీ ఒక వయసుంటుంది, ఒక తాహతుంటుంది. చిన్న ఇంజను కోసం కట్టిన అమరం మీద పెద్దది పెడితే వెనక భాగం నీళ్ళలోకి దిగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్లు నూనె తక్కువ తాగుతాయి గానీ, అదే శక్తి ఉన్న రెండు స్ట్రోకుల వాటికంటే సాధారణంగా బరువు. ఉప్పాడ లాంటి కెరటాల ఒడ్డున దిగేటప్పుడు వెనక నుంచి వచ్చే కెరటం లోపలికి దూకడానికి అమరం నాలుగు వేళ్ళు దిగినా చాలు.

రెండు ఇంజన్ల మాట మాత్రం నన్ను బాగా ఆలోచింపజేసింది. "ఒకటి ఆగిపోతే ఇంకోటి ఇంటికి తెస్తుందే" అన్నాడు అన్నయ్య. వినడానికి ఎంత ధైర్యంగా ఉందో! అయితే సంద్రంలో ఇంజను ఆగేది ఎక్కువగా నూనెలో నీళ్ళో మురికో చేరినప్పుడు. రెండూ ఒకే డబ్బా నుంచి తాగితే రెండూ కలిసే ఆగుతాయి. వేరు డబ్బా, వేరు ఫిల్టరు ఉంటేనే రెండోది రెండోది అవుతుంది. పైగా రెండింటి బరువూ మోయాల్సింది ఆ పుచ్చిన పలకే.

ఇక తగిలించే పద్ధతులు. చాలా పాత నావలకి వెనక పలకే ఉండదు, రెండు కొసలూ సన్నగా ఉంటాయి. అందుకని ఇంజను వచ్చిన కొత్తలో పక్కన దూలం కట్టి తగిలించేవాళ్ళు. బోటు ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుండేది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్ళు 1980లలో ఈ తీరాలకని ఫైబర్ బోట్లు తయారు చేసినప్పుడు, ఇంజనుని బోటు లోపల పెట్టి, ఒడ్డుకొచ్చేటప్పుడు పంకాని పైకి లేపుకునే ఏర్పాటు మీద చాలా కష్టపడ్డారు. ఇంజను ఎంత పెద్దదన్న దానికంటే ఇసుక మీదికి ఎలా వస్తుందన్నదే వాళ్ళకి పెద్ద ప్రశ్న అయిందన్నమాట.

ఇప్పుడు మా వాళ్ళకి ఎవరో చెప్పిన సలహా, పలక జోలికి పోకుండా దాని వెనక ఒక ఇనప బ్రాకెట్ బిగించి, ఇంజనుని దానికి వేలాడదీయమని. పలక కోసే ఖర్చు తప్పుతుందట! మావారు సనత్‌నగర్‌లో ఫాబ్రికేషన్ పని చేస్తారు, బోట్ల గురించి ఆయనకి తెలిసింది తక్కువే. అయినా ఇది వినగానే నవ్వారు. నిండు బిందె చంకన పెట్టుకుంటే ఎంత దూరమైనా నడుస్తాం, అదే బిందెని చెయ్యి చాపి పట్టుకోమంటే? ఇంజను పలకకి ఎంత దూరంగా జరిగితే పలక మీద అంత గుంజుడు. బరువు ఒక్కటే కాదు, కింద పంకా ముందుకి తోస్తుంటే పై భాగం వెనక్కి లాగుతుంటుంది. బ్రాకెట్ గట్టి పలకకి తగిలించేది. పుచ్చిన పలకని దాటవేయడానికి పనికిరాదు.

కాబట్టి నా ఓటు ఒక్క ఇంజనుకే. ఉన్న శక్తిదే, పలక మధ్యలో, పలకకి ఆనించి. మర చేత్తో తిప్పి బిగించే క్లాంపులతో సరిపెట్టకుండా ఆరపార బోల్టులు వేసి, లోపల వైపు వెడల్పాటి ప్లేటు పెట్టి, తెగితే పట్టుకోవడానికి ఒక గొలుసు.

ముందు పలకని పరీక్షించడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. మనం కొబ్బరికాయనీ కొత్త కుండనీ తట్టి చూసినట్టే చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. ఖంగుమన్న చోట గట్టి, బొద్దుగా మోగిన చోట అనుమానం. ఇంజను కాలు పట్టుకుని ఊపితే పలక కదలకూడదు. బోల్టు దగ్గర గోధుమరంగు నీళ్ళు కారుతుంటే ఇక చెప్పేదేముంది. వదిన ఇవన్నీ తనే చేసింది. అన్నయ్య టీ తాగుతూ చూస్తున్నాడట. మూడో దెబ్బకి గ్లాసు కింద పెట్టి లేచొచ్చాడు.

లోపలి తొడుగు కోస్తే చెక్క నల్లగా, నానిన తౌడులా వచ్చింది. ఫోన్లో ఫొటో చూసి మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

బాగుచేయడంలో ఆడవాళ్ళు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 ముద్ర చూసుకోండి, అది మెరైన్ ప్లై. 303 అని ఉంటే అది మామూలు వాడకానికి. మా వాళ్ళు రెండు పలకలు అతికించి ఒకటిన్నర అంగుళం మందం చేస్తున్నారు. అంచులన్నిటికీ రెసిన్ పట్టించాలి. బోల్టు కన్నం ముందు పెద్దదిగా తొలిచి, రెసిన్‌తో పూడ్చి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకి సరిపడా మళ్ళీ తొలవాలి. అప్పుడు నీళ్ళు దిగినా చెక్కని తాకవు. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే, పనివాళ్ళు తొందరలో వదిలేసేదీ ఇదే. పక్కన నిలబడి చేయించుకోవాలి.

రెసిన్‌లో గట్టిపడే మందు కలిపాక అది బెల్లప్పాకం లాంటిది. మే నెల ఎండలో నిమిషాల్లో ముదిరిపోతుంది. కొద్దికొద్దిగా, పొద్దున్నే కలుపుకోవాలి. ఇంకో సంగతి. పాలియెస్టర్ రెసిన్‌తో రెండు సీసాలు ఇస్తారు, యాక్సిలరేటర్ ఒకటి, క్యాటలిస్టు ఒకటి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. ముందు ఒకటి రెసిన్‌లో బాగా కలిపాకే రెండోది. ఆ సీసాలు వంటింటి గూట్లో పెట్టనివ్వకండి. ఫైబర్ అరగదీసిన బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతక్కండి, వారం రోజులు అందరికీ దురద.

లెక్క కూడా చెబుతాను. మా వాళ్ళకి పలక పనికి చెప్పిన ఖర్చు, పెద్ద ఇంజనుకి చెప్పిన ధరలో ఐదో వంతు కూడా లేదు. గొలుసు కదలకుండానే, భృతి డబ్బుకి కొంచెం కలిపితే సరిపోయింది. ఆ డబ్బుతో ఇంట్లో బియ్యం కొనాల్సిందన్నది నిజమే. బియ్యానికి నేను పంపాను.

ఇంజను మాట ఇంకా తేలలేదు. కాకినాడలో ఎవరో పాత ఇంజను చవగ్గా ఇస్తామన్నారట, అన్నయ్య మనసు అటు లాగుతోంది. ఔట్‌బోర్డులకి కాలు పొడవులో తేడాలుంటాయి, 15 అంగుళాలది ఒకటి, 20 అంగుళాలది ఒకటి. పలక ఎత్తుకి సరిపడనిది తెస్తే పంకా పైకి తేలి గాలిలో తిరుగుతుంది, లేదా మరీ కిందికి దిగి బోటుని లాగుతుంది. పంకాకి పైన రెక్కలా ఉండే పలక బోటు అడుగుకి ఇంచుమించు సమంగా రావాలి. వదిన తన రవికల కొలత టేపుతో పలక పై అంచు నుంచి బోటు అడుగు దాకా కొలిచి, ఆ అంకె క్యాలెండరు మీద రాసి పెట్టింది. ఆదివారం ఇంజను చూడటానికి తనూ వెళుతోంది.