రాకెట్ రోడ్డు కింద నీళ్ళు

శ్రీహరికోట అనగానే మనకి కౌంట్‌డౌన్ గుర్తొస్తుంది. అదొక దీవి అని మన క్లాసులోనే సగం మందికి తెలీదు. ఇటు పులికాట్ సరస్సు, అటు బంగాళాఖాతం, మధ్యలో సన్నగా, పొడుగ్గా ఇసుక నేల. సముద్రపు నీళ్ళూ ఏటి నీళ్ళూ కలిసే సరస్సుల్లో ఒడిశా చిలికా తర్వాత మన దేశంలో పెద్దది పులికాటే. 1971 అక్టోబరు 9న ఈ దీవి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అక్కడికి వెళ్ళే దారి సూళ్ళూరుపేట నుంచి సరస్సుకి అడ్డంగా పోసిన గట్టు మీదుగా ఉంటుంది.

చలికాలంలో ఆ రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెమింగోలు దిగుతాయి. కార్లు ఆగుతాయి, సెల్ఫీలు మొదలవుతాయి. దాంతో టూరిస్టుల్ని రానివ్వాలా వద్దా అని వాదన. ఈ వాదనలో అసలు విషయం పక్కకి పోతోందని నా అభిప్రాయం.

ఫ్లెమింగో ముక్కుని తలకిందులుగా నీళ్ళలో పెట్టి, బురద వడగట్టి, చిన్న చిన్న పురుగుల్నీ నాచునీ తింటుంది. నీళ్ళు మరీ లోతైతే దానికి కష్టం. ఎండిపోతే తిండే లేదు. గట్టు సరస్సుని రెండు ముక్కలు చేసింది. కింద తూములు ఉన్నాయి గానీ అంత సరస్సుకి అవి ఏ మూలకి? వేసవిలో ఉత్తరం వైపు చాలా మేర ఎండిపోతుంది. నేరం మొత్తం రోడ్డుది కాదు, రాయదొరువు దగ్గర సముద్ర ముఖద్వారం పూడిపోవడం కూడా కారణమే. పూడిక తీయమని జాలర్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. వాళ్ళ చేపలూ రొయ్యలూ వచ్చేది ఆ దారినే. పక్షులకి కావాల్సిందీ, వాళ్ళకి కావాల్సిందీ ఆ నీళ్ళే.

అలాగని రోడ్డు తీసేయమనను. రాకెట్ కేంద్రం కంచె వల్లే ఆ దీవి మీద రిసార్టులు లేవలేదు, అడవి మిగిలింది. (దానికోసం యానాదులు ఊళ్ళు వదిలి వెళ్ళారు. ఆ సంగతి విడిగా రాయాలి.) నేనడిగేది గట్టులో కొన్ని చోట్లయినా తవ్వి స్తంభాల మీద వంతెన కట్టమని. రాకెట్లు పంపేచోట అదో పెద్ద పనా?

పండగ సంగతికొస్తే, 2025 జనవరిలో మూడు రోజులు ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగింది. ఆటోవాళ్ళకీ, హోటళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి, జరగనివ్వండి. కాకపోతే బండ్లు ఆటకానితిప్ప లాంటి ఒకట్రెండు చోట్లే ఆగాలి. డ్రోన్లు అసలొద్దు. గుంపు లేచిన ప్రతిసారీ వాటి మేత టైమ్ పోయినట్టే.

ఇంకో మాట. మన మినీ ప్రాజెక్టుల్లో ఎన్ని స్మార్ట్ డస్ట్‌బిన్లు చూశాం! అనుమతి తీసుకుని, ఒక తూముకి రెండు పక్కలా నీటిమట్టం సెన్సర్లు పెట్టి, అక్టోబరు నుంచి మే దాకా తేడా ఎంతో రాసుకోవచ్చు. బోర్డూ, బ్యాటరీ, సిమ్ కార్డూ ఉంటే చాలు. ఈసీఈ వాళ్ళెవరైనా కలుస్తారా?