లైసెన్సు ఉన్న చోట, లేని చోట

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. అక్కడి నుంచి చదువుకోవడానికి బ్రిటన్ వచ్చిన మన పిల్లలకు ఇక్కడ బెట్టింగ్ షాపులు బజార్లోనే కనిపిస్తాయి, యాడ్లు ఫోన్లోనే వస్తాయి. ఇక్కడ అంతా చట్టబద్ధమే కదా, ఏ సైటైతేనేం అనుకుంటారు. అక్కడే పొరపాటు.

2014 చట్టం ప్రకారం, గ్రేట్ బ్రిటన్‌లో ఉన్నవారితో ఆన్‌లైన్‌లో పందేలు కాయించే కంపెనీ ఏ దేశానిదైనా ఇక్కడి గాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు తీసుకోవాల్సిందే. దాని వెంట వచ్చే షరతులే ఆడేవారికి రక్షణ. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయడం కుదరదు. ఆన్‌లైన్ స్లాట్లలో ఒక్కో ఆటకు 5 పౌండ్లు, 25 ఏళ్లలోపు వారికైతే 2 పౌండ్లు మించకూడదని 2025లో హద్దు పెట్టారు. వీటన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచేది గామ్‌స్టాప్. అందులో పేరు నమోదు చేసుకుంటే ఆర్నెల్లో, ఏడాదో, ఐదేళ్లో, ఎంచుకున్నంత కాలం లైసెన్సున్న ఆన్‌లైన్ సైట్లు రానివ్వవు. మధ్యలో ఎంత బతిమాలినా గడువు తగ్గించరు. మానేద్దామని పగలు గట్టిగా అనుకున్న మనిషికి అర్ధరాత్రి మనసు మారుతుంది. ఆ గంట దాటించడానికి ఈ మొండితనమే కావాలి.

అలాంటివారికే వల వేస్తూ, గామ్‌స్టాప్ వర్తించదని గొప్పగా చెప్పుకునే లైసెన్సు లేని సైట్లున్నాయి. ఐపీఎల్ రోజుల్లో వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో అమ్మే బెట్టింగ్ ఐడీలదీ అదే దారి. లైసెన్సున్న కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే, ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఖర్చు లేకుండా మధ్యవర్తి దగ్గరికి వెళ్లవచ్చు. ఐడీ అమ్మినవాడు ఫోన్ ఆపేస్తే ఎవరి దగ్గరికి వెళ్తాం?

అలాగని లైసెన్సుంటే భయం లేదని చెప్పను. ఫుట్‌బాల్ ఇండెక్స్ అనే బెట్టింగ్ సైటుకూ లైసెన్సు ఉండేది. 2021 మార్చిలో అది కుప్పకూలి వేలమంది డబ్బు పోయింది. కంపెనీ దివాలా తీస్తే ఆటగాళ్ల సొమ్ముకు ఏ మేరకు రక్షణ ఉందో ముందే చెప్పాలన్నదే నిబంధన. రక్షణ ఉండి తీరాలని లేదు. ఇది మారాలి.

మన సంఘం చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఉగాది వేడుకలకు గాని, క్రికెట్ పోటీలకు గాని, ఈ పత్రికకు గాని ఏ బెట్టింగ్ కంపెనీ సొమ్మూ, లైసెన్సు ఉన్నా సరే, తీసుకోకూడదని కార్యవర్గం తీర్మానించాలని కోరుతున్నాను.