క్యోటో క్షేత్రదర్శనము: ఎన్ని ఆలయములు? ఎన్ని దినములు?

తీర్థమనగా తరింపజేయునది. తిరిగిన దూరముచేతను, చూచిన శిఖరముల సంఖ్యచేతను తీర్థఫలము సిద్ధింపదు. ఈ మాట కాశీ శ్రీశైలములకు ఎంత వర్తించునో, సముద్రమున కావల నున్న జపాను దేశపు పురాతన రాజధాని క్యోటో నగరమునకును అంతే వర్తించును.

విద్యోద్యోగ నిమిత్తమై జపాను చేరిన తెలుగువారును, వారిని చూడ వెళ్ళు తల్లిదండ్రులును ఆ నగరమును దర్శించుచున్నారు. రెండు దినములలో పది పన్నెండు ఆలయములు, ప్రతి ద్వారము ముందు ఒక ఛాయాచిత్రము: సాధారణముగా కనబడు ప్రణాళిక ఇదియే. క్రీ.శ. 794లో రాజధానియై వేయి వత్సరములు వర్ధిల్లిన ఆ నగరమున బౌద్ధాలయములే వేయికి మించి యున్నవి. అన్నియు చూడవలెననుట వృథాప్రయాస. దినమున కొక్క ప్రధానక్షేత్రము చొప్పున నాలుగు దినములు కేటాయించుట సాధకునకు యుక్తము.

మొదటి దినము తోజి ఆలయమునకు. కూకాయ్ అను ఆచార్యుడు 804లో చీనా దేశమునకేగి, అచ్చట మంత్రదీక్ష పొంది, 806లో స్వదేశమునకు మరలెను. 823లో ఈ ఆలయము ఆయన అధీనమయ్యెను. ఇచ్చటి ప్రవచనమందిరమున ఇరువదియొక్క మూర్తులు మండలాకారమున నెలకొని యున్నవి. వానిలో హంసలపై చతుర్ముఖుడును, గజముపై ఇంద్రుడును దర్శనమిత్తురు. ప్రతి నెల 21వ తేదీన ప్రాంగణమున పెద్ద సంత జరుగును గనుక ఏకాంతము కోరువారు ఆ దినమును విడువవలెను.

రెండవ దినము సంజూసాంగెందో. 1266లో పునర్నిర్మితమైన ఈ దారుమందిరము సుమారు 120 మీటర్ల పొడవు గలది. అందు వేయిన్నొక్క అవలోకితేశ్వర మూర్తులు, వారి ముందు ఇరువదియెనిమిది పరివారదేవతలు. ఆ పరివారమున గరుడుడు, నారాయణుడు, కిన్నర గంధర్వులు గలరు. లోపల ఛాయాచిత్రణము నిషిద్ధము. ఇది భక్తునకు కొరత కాదు, అనుగ్రహమే. చేతికి పని లేనప్పుడే కన్ను దర్శించును.

మూడవ దినము హియే పర్వతము. 788లో సైచో అను ఆచార్యుడు స్థాపించిన ఎన్ర్యకుజి ఆలయమున అఖండదీపము వెలుగుచున్నది. 1571లో ఒదా నొబునగా సైన్యము ఆ పర్వతమును దహించినపుడు దీపమును ఆరెను. అయితే పూర్వమే అందుండి ఉత్తరదేశపు రిష్షకుజి ఆలయమునకు ఒక జ్యోతి చేరియుండెను. ఆ జ్యోతినే మరల తెచ్చి ఇచ్చట వెలిగించిరి.

నాలుగవ దినము, క్యోటోకు పూర్వము రాజధానియైన నారా నగరము. రైలుపై సుమారు ముప్పావు గంట ప్రయాణము. అచ్చటి తోదాజి ఆలయమున వైరోచన మహామూర్తికి 752లో నేత్రోన్మీలనము జరిగెను. తూలికను పట్టి కనులు తెరిపించినవాడు భారతదేశమునుండి వెళ్ళిన బోధిసేనుడు. తూలికకు కట్టిన సూత్రములను పట్టుకొని ఇతరులును ఆ కార్యమున భాగస్వాములైరి. ప్రతిష్ఠావిధి నెరిగిన అర్చకునకు ఈ వృత్తాంతము పులకింత కలిగించును.

ఇచ్చటనే ఒక ప్రమాదము గలదు. ఇవన్నియు మనవే యను గర్వము మనస్సున ప్రవేశించును. ఆ గర్వము దర్శనమునకు అడ్డుతెర. తోజిలోని చతుర్ముఖుడు అచ్చట సృష్టికర్తగా గాక, బుద్ధధర్మమునకు రక్షకుడుగా పూజింపబడుచున్నాడు. ఆ భేదమును తెలిసి నమస్కరించుటయే అతిథిధర్మము. మన దేశమున వాడుక తప్పిన సిద్ధమాతృకా లిపిని వారు బీజాక్షరలేఖనమున నేటికిని నిలుపుకొనిరి. అగ్నికార్యమును గోమ యను పేర ఆచరించుచున్నారు. ఇచ్చినవారికంటె కాపాడినవారి ఋణము చిన్నది కాదు. హియే దీపము నేర్పు పాఠమును ఇదియే: ఆరిన చోటికి జ్యోతి, కాపాడిన చోటినుండియే రావలెను.

అన్యాలయ ప్రవేశము స్వధర్మమునకు భంగమా యని కొందరు శంకింతురు. సంధ్యావందనాది నిత్యానుష్ఠానము చెడనంతవరకు వినయపూర్వకమైన నమస్కారము ఎవ్వరికిని భంగకరము కాదు. నియమము చెడునది ఆహారమున. శాకములుగా కనబడు వంటలలోను మత్స్యసారము కలియుట అచ్చట సామాన్యము. కావున ముందుగా విచారించి, ఆలయసంప్రదాయ భోజనమైన షోజిన్ ర్యోరిని ఆశ్రయింపవలెను. అందు మత్స్యమాంసములే గాక, ఉల్లి వెల్లుల్లియు సంప్రదాయముచే వర్జితములు. పెక్కు ఆలయములు సాయంకాలము అయిదు గంటలలోపే మూయబడును గనుక, ప్రాతఃకాలముననే బయలుదేరుట మేలు.

నాలుగు దినములలో నాలుగు క్షేత్రములు మాత్రమే చూచితిమని చింతింపనక్కరలేదు. ఒక్క మూర్తి ముందు అర్ధఘడియ నిశ్చలముగా నిలిచినవాడు, నగరమంతయు తిరిగినవానికంటె ఎక్కువ చూచినవాడే.

స్వస్తి.