ధ్వని పాఠానికి ప్రయోగశాల చేతిలోనే ఉన్నది

రాబోయే అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో ఆరంభమైన ఈ పథకం ఆ ప్రకటన నాటికి దాదాపు 10,000 పాఠశాలలకు చేరింది. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. ఈ సంకల్పం హర్షించదగినదే. కానీ లక్షల సంఖ్యలో ఉన్న ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 ఏ మూలకు? బళ్లారి, పావగడ పల్లెల్లో, హోసూరు పరిసరాల్లో, రాయగడ, సిరోంచ ప్రాంతాల్లో చదువుకుంటున్న మన పిల్లల వంతు వచ్చేసరికి వారి పాఠశాల చదువే ముగిసిపోవచ్చు. అంతవరకు విజ్ఞాన శాస్త్రం నల్లబల్ల మీది బొమ్మగానే ఉండిపోవాలా? అక్కరలేదని ధ్వని పాఠం నిరూపిస్తున్నది. ఆ పాఠానికి కావలసిన ముఖ్య పరికరం మైక్రోఫోన్. అది నేడు దాదాపు ప్రతి ఇంట్లోనూ, చరవాణిలో ఉన్నది.

బొమ్మలో కనిపించని సత్యం

ధ్వని అనగానే ఉపాధ్యాయుడు బల్ల మీద ఎగుడుదిగుడు గీత ఒకటి గీస్తాడు. చెరువులో అల వలె గాలి కూడా పైకీ కిందికీ ఊగుతుందని విద్యార్థి భావిస్తాడు. వాస్తవం వేరు. గాలిలో ధ్వని అనుదైర్ఘ్య తరంగం. గాలి పొరలు ఒకచోట దగ్గరై సంపీడనాలుగా, మరొకచోట పలుచబడి విరళీకరణాలుగా మారుతూ ధ్వనిని ముందుకు చేరవేస్తాయి. మైక్రోఫోన్‌లోని పలుచని పొర ఆ పీడన భేదాలకు కంపించి వాటిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. చరవాణి ఆ సంకేతాన్ని సెకనుకు సాధారణంగా 44,100 లేదా 48,000 సార్లు కొలిచి తెర మీద గీతగా చూపుతుంది. ఆ గీత గాలి ఆకారం కాదు. కాలంతో పాటు పీడనం ఎట్లా మారిందో తెలిపే లెక్క. ఈ ఒక్క భేదాన్ని ఉపాధ్యాయుడు విడమరచి చెప్పగలిగితే పాఠంలో సగం బోధపడినట్లే.

జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఇందుకు ఉపకరిస్తుంది. ఒకసారి దించుకుంటే ఈ ప్రయోగాలకు ఇంటర్నెట్ అక్కరలేదు. కంప్యూటర్ ఉన్న పాఠశాలలకు మన దేశంలోనే మరొక సాధనం ఉన్నది. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ రూపొందించిన ఎక్స్‌పైస్ పరికరానికి మైక్రోఫోన్ తగిలించి ఇవే ప్రయోగాలు చేయవచ్చు.

మూడు ప్రయోగాలు

మొదటిది గొంతుతోనే. ఒక విద్యార్థి ‘ఆ’ అని ఒకే స్థాయిలో మెల్లగా పలికి, తరువాత బిగ్గరగా పలకాలి. గీత ఎత్తు పెరుగుతుంది గాని శిఖరాల మధ్య దూరం మారదు. గొంతు సన్నగా చేసి పలికితే శిఖరాలు దగ్గరవుతాయి. తీవ్రత వేరు, కీచుదనం వేరు అన్న సూత్రం కంటికి కనిపిస్తుంది.

రెండవది ధ్వని వేగం. రెండు చరవాణులను 5 మీటర్ల దూరంలో ఉంచి, రెండింటిలోనూ శబ్దానికి మొదలై, మరు శబ్దానికి ఆగే గడియారాన్ని సిద్ధం చేయాలి. మొదటి చరవాణి పక్కన ఒకరు చప్పట్లు కొట్టాలి. తరువాత రెండవ దాని పక్కన మరొకరు కొట్టాలి. ఒక్కొక్క చప్పుడు దూరపు చరవాణిని కొంచెం ఆలస్యంగా చేరుతుంది కనుక రెండు గడియారాల లెక్కకు తేడా వస్తుంది. ఆ తేడా, ధ్వని 10 మీటర్లు ప్రయాణించే కాలం. 30 డిగ్రీల ఎండలో ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు కనుక తేడా 0.029 సెకను దరిదాపుల్లో ఉంటుంది. చేతి గడియారంతో ఎవరికీ అందని కాలమిది.

మూడవది మన వాద్యాలతో. మామూలు చర్మ వాద్యంలో ఉపస్వరాలు మూల స్వరానికి పూర్ణ సంఖ్యల నిష్పత్తిలో ఉండవు. అంతటా ఒకే మందం గల వృత్తాకార చర్మానికి రెండవ స్వరం మొదటి దానికి 1.59 రెట్లు. మృదంగం కుడివైపు నడుమ ఉండే నల్లని పూత ఆ ఉపస్వరాలను పూర్ణ సంఖ్యల వరుసలోకి తెస్తుందని సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. 1934లో మరింత విపులంగా వివరించారు. రామన్ బాల్యంలో పాఠశాల చదువు సాగింది విశాఖపట్నంలోనే. భజన మందిరంలోని మృదంగాన్ని, వీధిలోని డప్పును చరవాణి ముందు వాయించి వర్ణపటాలను పోల్చి చూస్తే ఆ మహనీయుడు గమనించిన భేదం మన పిల్లలకూ కనిపిస్తుంది.

చరవాణి బడిలోకి రావచ్చునా?

తల్లిదండ్రుల సందేహం సహేతుకమైనదే. చరవాణుల వల్ల విద్యార్థుల ధ్యాస చెదురుతున్నదని 2023 జూలైలో యునెస్కో నివేదిక హెచ్చరించింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో వాటి వాడకంపై ఆంక్షలు విధించింది. అయితే అభ్యసనకు మేలు కలిగే చోట సాంకేతికతను వాడవచ్చునని కూడా ఆ నివేదికే చెప్పింది. ప్రతి విద్యార్థి చేతికీ చరవాణి ఇవ్వవలసిన పనిలేదు. ప్రధానోపాధ్యాయుని అనుమతితో, ఫ్లైట్ మోడ్‌లో, ఉపాధ్యాయుని బల్ల మీద ఒకటి ఉంటే తరగతికంతటికీ చాలు. వేగం కొలిచే రోజున రెండు కావాలి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. చరవాణి చూపే పౌనఃపున్యాన్ని నమ్మవచ్చు. డెసిబెల్ అంకెను మాత్రం ప్రామాణిక పరికరంతో సరిచూడనిదే నమ్మరాదు. చాలా చరవాణులు శబ్ద స్థాయిని తమంతట తాము సవరించుకుంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. చరవాణి అంకె చూపి మైకు పెట్టిన పొరుగువారితో తగవుకు దిగడం విజ్ఞానం అనిపించుకోదు.

రెండు భాషల బలం

సరిహద్దు పిల్లల అసలు ఇబ్బంది పరికరం కన్న పదజాలంలోనే ఎక్కువ. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు మాతృభాషలో బోధన సదుపాయం గురించి ప్రాథమిక దశ వరకే చెప్పింది. ధ్వని పాఠం గట్టిగా మొదలయ్యే ఉన్నత పాఠశాల నాటికి మన పిల్లల్లో అనేకులు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ లేదా ఆంగ్ల మాధ్యమంలో ఉంటారు. ఇంట్లో ఒక మాట, బడిలో మరొక మాట. అర్థం కాని పదాన్ని కంఠస్థం చేయడమే చదువు అనే భ్రమ ఇక్కడే పుడుతుంది.

నిజానికి ఆ పదాలను పక్కపక్కన పెట్టి చూస్తే భయం తీరుతుంది. తెలుగులో పౌనఃపున్యం అంటే మళ్లీ మళ్లీ జరగడం. మరాఠీలో వారంవారతా అన్నా అదే అర్థం. కన్నడంలోను ఒడియాలోను ఆవృత్తి అంటారు. అదీ తిరిగి తిరిగి రావడమే. తమిళంలో అదిర్వెణ్ అంటారు. అందులోని ‘అదిర్’ మన ‘అదురు’కు తోబుట్టువు, ‘ఎణ్’ అంటే సంఖ్య. అంటే అదురుల సంఖ్య. మన పిల్లవాడు తెర మీద శిఖరాలను లెక్కించి, తమిళ పదం విని, ఇంటి మాటతో పోల్చుకుంటే నిర్వచనం దానంతట అదే నాలుక మీదికి వస్తుంది. గీతకు భాష లేదు. అందుకే రెండు భాషల నడుమ అది మంచి వారధి.

మనం అడగవలసినది

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య సంఘాల్లో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రూపొందించవలసినది కూడా ఆ సంఘమే. కనుక సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులు తదుపరి సమావేశంలో రెండు విషయాలు ప్రస్తావించాలి. మొదటిది, విజ్ఞాన శాస్త్ర బోధనకు పాఠశాల పేరిట ఒక చరవాణి లేదా టాబ్లెట్, ఉపాధ్యాయుని అధీనంలో ఉండేటట్లు సమకూర్చడం. రెండవది, బోధనా భాషలోను తెలుగులోను శాస్త్ర పదాల పట్టికను తరగతి గోడ మీద ఉంచడం. రెండవ దానికి ఖర్చు ఒక కాగితం. ఊరిలో చదువుకున్న పెద్దలు ఒక సాయంత్రం కూర్చుంటే ఆ పట్టిక సిద్ధమవుతుంది. 20 లక్షల ల్యాబ్ కోసం దరఖాస్తు చేయవలసిందే. అది వచ్చేలోగా ఈ ఏటి పిల్లలు ధ్వని పాఠం దాటిపోరాదు.